పాతోళ్ళ వంటిల్లు

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి భుయ్యాడీహ్‌లో సువర్ణరేఖ నది ఒడ్డున చేపల పులుసు వాసన మొదలయ్యేది. పొయ్యి కనపడదు, పొగ కనపడదు. వాసన నేలలోంచి వచ్చేది. ముందు ఆవాల ఘాటు, కాసేపటికి పులుపు ఉడుకుతున్న కమ్మదనం. ఆటోవాళ్ళు వట్టి రొట్టెలు తెచ్చుకుని అక్కడే కూచుని తినేవాళ్ళు. ఆ వాసన ఉండగా కూర దేనికని వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు వండడం కూడా మానేశారు. కొత్తవాళ్ళెవరైనా ఇక్కడ వండేదెవరని అడిగితే, ఎప్పుడో ఇక్కడ బతికి పోయిన పాతోళ్ళని చెప్పేవారు. అంతకు మించి ఎవరూ ఆరా తీసేవారు కాదు.

పైడిబాబు తల్లి నూకమ్మ భోజనం కూడా అక్కడే. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి పెళ్ళయి ఈ ఊరొచ్చిన మనిషి. కొంతకాలంగా ఆవిడకి ఇంట్లో ముద్ద దిగడం లేదు. డాక్టర్లు చూసి జబ్బేమీ లేదన్నారు. కోడలు కల్యాణి అన్నం కలిపి, ఒడ్డున పీటేసి కూచోబెడితే మాత్రం, వాసన తగలగానే కళ్ళు మూసుకుని కంచం ఖాళీ చేసేది.

పైడిబాబు కాంట్రాక్టు మీద క్రేన్ నడిపేవాడు. కరిగిన ఉక్కు నిండిన బానలాంటి లేడిల్‌ని చుక్క తొణక్కుండా అటునుంచి ఇటు చేర్చగలడని ఉక్కు ఫ్యాక్టరీలో పేరుంది. ఆ నిదానమంతా కేబిన్‌లోనే. కింద కాలు పెట్టాడంటే అన్నీ ఆదరాబాదరా పనులే. అలాంటివాడికి బావమరిది పోలరాజు తోడయ్యాడు. పోలరాజుకి జుగ్సలాయిలో పాతసామాన్ల కొట్టుంది. ఎవరో అమ్మేసిన మెటల్ డిటెక్టర్ ఒకటి అతని చేతికొచ్చింది. అప్పట్నుంచి అతనికి నేలంతా బంగారంలాగే కనిపిస్తోంది.

"రోజూ ఇంత పులుసు కాసుకున్నోళ్ళంటే కలిగినోళ్ళే బావా. కలిగినోళ్ళింట బంగారముండదేటి?" అన్నాడు.

పైడిబాబుకి అది సబబుగానే తోచింది. అమ్మని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళొచ్చు, కాంట్రాక్టరుకి దణ్ణాలు పెట్టే పని తప్పుతుంది అనుకున్నాడు. ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరూ ఒడ్డుకెళ్ళారు. మిషను ఓచోట గట్టిగా కూత పెట్టింది. గునపాలతో పొడిచి, అడ్డొచ్చిన రాళ్ళు పీకి నదిలోకి విసిరారు. నడుము లోతుకి దిగాక ఓ కుండ తగిలింది. ఊపి ఊపి లాగితే అంచు విరిగి పైకొచ్చింది. లోపల బూడిద, చేప ముళ్ళు, పచ్చగా చిలుమెక్కిన ఓ రాగి చేపగాలం. మిషను కూసింది ఆ గాలానికే.

ఆ మధ్యాహ్నం వాసన రాలేదు.

నూకమ్మ పీట మీద కంచం పట్టుకుని చాలాసేపు చూసింది. ఆటోవాళ్ళు రొట్టెలు చేత్తో పట్టుకుని గాలి పీల్చి పీల్చి, ఉల్లిపాయ నంజుకుని లేచిపోయారు. నూకమ్మ కంచం కోడలికిచ్చేసి, "ఇయ్యాల పాతోళ్ళు పొయ్యి ముట్టించలేదే," అంది. మర్నాడూ ముట్టించలేదు. పైడిబాబు కుండని తీసుకెళ్ళి గుంటలో పెట్టాడు. మూతి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కొత్త రాళ్ళు తెచ్చి చుట్టూ పేర్చాడు. ముక్కు ఆనించి చూస్తే తడిమట్టి వాసన తప్ప ఏమీ లేదు. ఇంట్లో నూకమ్మ మజ్జిగ తేటతో ప్రాణం నిలుపుకుంటోంది.

కల్యాణి సోనారిలో ఓ గెస్ట్‌హౌస్‌లో వంట చేస్తుంది. అక్కడ దిగిన స్మిత పురావస్తు తవ్వకాలు చేయించే మనిషి, బరంపురం తెలుగమ్మాయి. కల్యాణి జరిగిందంతా ఆమెకి చెప్పి, చేయి పట్టుకుని లాగినంత పని చేసి తీసుకొచ్చింది.

స్మిత గుంట పక్కన మోకాళ్ళ మీద కూచుని అన్నీ అడిగింది. కుండ మూతి ఎటుంది? బూడిద కుండ కింద ఉందా, పక్కనా? రాళ్ళు ఏ వరసలో ఉన్నాయి? గాలం కుండలోదేనా, పైనుంచి పడిందా? పైడిబాబువి చూసిన కళ్ళే, పీకిన చేతులే, కానీ ఏదీ గుర్తులేదు.

"కుండ మీ దగ్గర భద్రంగానే ఉంది," అంది స్మిత. "పోయింది దాని చోటు. కుండని అతికించగలను గానీ, చోటుని అతికించలేను."

"మరి మా యమ్మ ఏటి తింటాది మేడమ్?" అన్నాడు పైడిబాబు.

స్మిత గుంట గోడని వేలితో తడిమింది. మీరు సగమే చెడగొట్టారు, ఇటు పక్క మట్టి ఇంకా కదల్లేదు అంది. ప్రభుత్వ అనుమతి వచ్చేదాకా ఎవరినీ చెయ్యి పెట్టనివ్వద్దని చెప్పి వెళ్ళింది. పైడిబాబు గుంట చుట్టూ ముళ్ళకంప వేసి కాపలా కాశాడు. పోలరాజు మిషను పట్టుకుని ఒకసారి వచ్చాడు కానీ అక్క కల్యాణి మొహం చూసి వెనక్కి తిరిగాడు.

అనుమతి వచ్చింది. స్మిత మనుషులు మేకులు పాతి తాళ్ళు కట్టి నేలని గళ్ళుగళ్ళుగా విడదీశారు. పైడిబాబు డ్యూటీ లేనప్పుడల్లా వెళ్ళి మట్టి జల్లెడ పట్టేవాడు. తర్వాత అతని చేతికి చిన్న తాపీ, కుంచె ఇచ్చారు. మొదట్లో ప్రాణం విసిగిపోయింది. రోజంతా గీకితే వేలెడు లోతు. కానీ ఓ రోజు, తెల్ల మట్టి పొర కింద నల్ల పొర సన్నగా బయటపడుతుంటే, క్రేన్ కేబిన్‌లో లివరు మీద ఉండే నిదానపు చేయి తనకి తెలియకుండానే తాపీ మీదికి వచ్చింది. ఆ తర్వాత అతనికి తొందర పుట్టలేదు.

చెడగొట్టిన పాత పొయ్యికి కింద, ఇంకా పాత పొయ్యి ఉంది. మూడు రాళ్ళు, బోర్లించిన చిన్న ముంత, మాడిన గింజలు. దేన్నీ కదపకుండా ఫొటోలు తీశారు, కొలిచారు, బొమ్మ గీశారు. చివరి మట్టి పొడిని పైడిబాబే కుంచెతో తుడిచాడు. తుడిచిన చోటునుంచి సన్నగా పుల్లటి వాసన లేచింది.

ఒడ్డు మీద పీటేసుకుని కూచున్న నూకమ్మ తలెత్తింది. "చోడంబలి," అంది. "మా యమ్మ కాసేది ఇలాగే. రాత్రి పులిసింది. కల్యాణీ, నాకూ కాయవే."

ఇంట్లో చోడిపిండి, అదే రాగిపిండి, లేదు. ఇక్కడివాళ్ళు దాన్ని మడువా అంటారు. కల్యాణి బజారుకి పరుగెత్తి తెచ్చి, నానబెట్టి పులియబెట్టింది. మర్నాడు నూకమ్మ ఆ వాసన పక్కన కూచుని చెంబుడు అంబలి తాగింది, మూతి తుడుచుకుని ఇంకో గ్లాసు అడిగింది. ఆటోవాళ్ళు కూడా వరసలో నిలబడ్డారు.

వానలొస్తే ఆ ఒడ్డు మునుగుతుంది. అందుకని స్మిత ఆ పొయ్యిని ఎత్తించి, పైన బస్తీలో ఓ గదిలో, గీసుకున్న బొమ్మ ప్రకారం ఏ రాయి పక్కన ఏ రాయి ఉండేదో, ఏ గింజల మీద ముంత ఉండేదో అలాగే తిరిగి పెట్టించింది. మధ్యాహ్నమయ్యేసరికి ఆ గదిలో అంబలి వాసన వచ్చింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు, చోటు తెలిస్తే రాకేం అనుకున్నారు. అంచు విరిగిన కుండని కూడా అతికించి గోడవారన పెట్టారు. పులుసు వాసన మాత్రం మళ్ళీ ఎన్నడూ రాలేదు. ఆవాల ఘాటు ఎలా ఉండేదో పిల్లలకి నోటితో చెప్పాల్సిందే. చెప్పినప్పుడల్లా పైడిబాబు లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

ఇప్పుడు చుట్టుపక్కల ఎక్కడ తవ్వకం జరిగినా స్మిత అతనికే కబురు పెడుతుంది. క్రేన్ పని మానేసి తాపీ పట్టుకున్నాడు.

మొన్న వానలు వెనకబట్టాక పోలరాజు ఫోన్ చేసి రమ్మన్నాడు. సోనారి అవతల, ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలిసే దోముహానీ దగ్గర గట్టు కోసుకుపోయింది. కోసిన చోట మట్టిలోంచి బెల్లం పాకం వాసన గుప్పుమంటోంది. మిషను ఆగకుండా కూస్తోంది.

"ఈసారి నిజంగా బంగారమే బావా," అని పోలరాజు గునపం చేతికిచ్చాడు.

పైడిబాబు గునపం పట్టుకుని గట్టు వైపు చూశాడు. పాకం తీగ సాగుతున్న వాసన. తవ్వమని చెయ్యి ఒక్కసారి లాగింది. అతను గునపాన్ని దూరంగా ఇసకలో పడేసి, మిషను ఆపమని బావమరిదికి చెప్పి, తుండు పరుచుకుని కూచుని ఫోన్ తీశాడు.

"మేడమ్, నాను పైడిబాబుని. దోముహానీ కాడ గట్టులోంచి బెల్లం పాకం వాసనొత్తంది. లేదు మేడమ్, ఏటీ ముట్టుకోలేదు. మీరొచ్చేదాకా ఇక్కడే కూకుంటాను."