నీళ్లు తాగి చెప్పిన కబురు

మా ఇంటాయన గులాం మొహిద్దీన్ ఫౌజీ. డెబ్బై ఒకటి యుద్ధంలో సరిహద్దు దాటి తూర్పు బెంగాల్‌లోకి చొచ్చుకుపోయిన పల్టన్‌లో ఉన్నాడు. ఈ సంగతి పెళ్లప్పుడు మా అత్త చెప్పింది గానీ, ఆయన నోటితో ఎన్నడూ చెప్పలేదు. నోట్లో నాలుక లేని మనిషి. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. ఆయన మాటలు కూడా కలిపి నేనే మాట్లాడతాను. కేసముద్రం మార్కెట్ గేటు పక్కన గాజుల బండి నాది. గాజులమ్మే ఆడది నోరు మూసుకుని కూర్చుంటే బేరం ఎక్కడిది?

రెండువేల పదకొండు డిసెంబరులో రాజమల్లు సార్ మా ఇంటికి వచ్చాడు. జనగామలో తెలంగాణ ఉద్యమ శిబిరం నడిపించే పంతులు. సకల జనుల సమ్మె ముగిసి రెండు నెలలు కాలేదు. రాష్ట్రం రాలేదు, జీతాలు పోయాయి, మనుషులు చప్పబడిపోయి ఉన్నారు. శిబిరంలో మళ్లీ కదలిక తేవాలని సార్ ఒక ఆలోచన చేశాడు.

"ఆ యుద్ధం గెలిచి పదహారో తారీకుకు నలభై ఏండ్లు సాయబన్నా. దేశం కోసం పోయినోళ్లల్ల మన తెలంగాణ బిడ్డలు లేరా? ఎవ్వడన్న యాది జేసిండా? మనమే జనగామల సన్మానం చేద్దాం" అన్నాడు.

మా ఆయన తల ఊపాడు. అది ఔనో కాదో చెప్పడానికి నేనే కావాలి. వస్తాడని నేనే చెప్పాను.

"మీ పల్టన్ల చాంద్యా ఉండె గదా, ఆడనే పాయె. ఆయన భార్యను కూడ తీసుకరావాలె అక్కా. నీ మాటయితే ఇంటది" అని సార్ నాతో అన్నాడు.

వినక ఏం చేస్తుంది, చాంద్యా భార్య కమ్లీ నాకు ఎప్పటి నుంచో గిరాకీ. వాళ్ల తండా మా ఊరికి దగ్గరే. లంబాడీ ఆడవాళ్లు పెళ్లయ్యాక మోచేతి పైన వెడల్పాటి తెల్ల గాజులు వేసుకుంటారు, మొగుడు పోతే తీసేస్తారు. కమ్లీ తీయలేదు. వయసు మీద పడి దండ చెయ్యి సన్నబడుతున్న కొద్దీ నా దగ్గరికి వచ్చి ఒక సైజు తక్కువవి అడిగి వేసుకుపోయేది. ప్రేమ అనుకున్నాను, మొండితనం అనుకున్నాను. అడగలేదు. చెయ్యి చాపితే తొడగడం నా పని, మొగుడి ఆరా తీయడం కాదు.

"జనగామల చాంద్యాకు సన్మానమంట, రావాలె" అన్నాను.

"ఆయనకా?" అంది. చేతి గాజులు చూసుకుంది. "అయితే కొత్త జత తొడుగు బూబమ్మా. గివి పగుళ్లు వచ్చినయి."

తొడిగాను. మా ఆయన బండి పక్కన నిలబడి అంతా చూశాడు. బజారు వైపు వెళ్లిపోయాడు. అది కొత్తేం కాదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

పదహారున ముగ్గురం పొద్దున రైలు బండికి జనగామ పోయాం. చౌరస్తా పక్కన షామియానా వేశారు. వేదిక వెనక బట్ట మీద తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్న పిల్లల ఫొటోలు ఉన్నాయి. దండలు ఎండిపోయి ఉన్నాయి. కొన్ని ఫొటోల్లో పిల్లలు కాలేజీ గుర్తింపు కార్డు కోసం దిగినట్టు బిగుసుకుని ఉన్నారు. ఉద్యమం సాగిన ఆ రెండేళ్లలో ఫొటోలకు దండలు చూసీ చూసీ నాకు ఏడుపు రావడం ఆగిపోయింది. చెప్పుకుంటే సిగ్గుచేటే. కానీ ఆ రోజు ఆ పిల్లల మొహాలు చూస్తూ ఎండ నెత్తి మీదికి వస్తోందే, బిర్యానీ ఎప్పుడు పెడతారో అనుకున్నాను.

ఉపన్యాసాలు అయ్యాయి. మొగుళ్లపల్లి నుంచి వచ్చిన ముసలి ఫౌజీ ఒకాయన కుర్చీలోనే నిద్రపోయాడు. లేపి శాలువా కప్పారు. తర్వాత మా ఆయనను పిలిచారు. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు, ఆయన దిగి వచ్చి మడత పెట్టి నా ఒళ్లో పెట్టాడు.

"ఇప్పుడు, అమరుడు చాంద్యా సతీమణి, వీరనారి కమ్లమ్మ" అని రాజమల్లు సార్ మైకులో పిలిచాడు.

కమ్లీ లేవలేదు. నా వైపు తిరిగింది. "అమరుడంటే సచ్చిపోయినోడే గదా?"

"ఔ" అన్నాను. ఇంకేమంటాను?

అప్పుడు లేచి వేదిక ఎక్కింది. సార్ శాలువా విప్పబోతుంటే ఆపి, చెయ్యి పైకెత్తి కొత్త గాజులు జనానికి చూపించింది. మైకు దగ్గరికి పోయింది.

"మా ఆయన సచ్చిపోయిండని మాకు ఎవ్వరు చెప్పలే సార్. చెప్పకుంట ఎట్ల సచ్చిపోతడు?"

వెనక ఎవరో నవ్వారు. ఒంటరి ముసలిదానికి మతి చెడింది అనుకున్నారేమో. సార్ మెల్లగా, "అవ్వా, సర్కారు కాయితం అప్పుడే వచ్చింది గదా" అన్నాడు.

"కాయితం ఏడుస్తదా సార్?" అని దిగి వచ్చేసింది. శాలువా సార్ చేతిలోనే ఉండిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. తీసుకొచ్చింది నేను, అందరూ నన్నే చూస్తున్నారు.

తిరుగు బండి కోసం జనగామ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాం. ఒక చివర మా ఆయన, మధ్యలో నేను, ఇవతల కమ్లీ. నాకు ఒళ్లు మండి ఉంది. "నీ మొగడు పోయిండని ఊరు ఊరంత ఎరుకనే గదనే. నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తివి. ఎవరొచ్చి చెప్పాలె నీకు?" అన్నాను.

కమ్లీ వేలితో మా ఆయనను చూపించింది.

"గాయన అచ్చిండు చెప్పనీకి. యుద్ధం అయిపోయినంక ఎండాకాలంల. మా తండాల సావు కబురు తెచ్చినోడు గడప అవతల నిలబడి చెప్తడు బూబమ్మా. చెప్పేదాక మంచినీళ్లు సుత ముట్టడు. నీళ్లు తాగిండంటే మంచి కబురు తెచ్చిండని లెక్క. కాయితం అచ్చినప్పటి సంది మా అత్త గీయన కోసమే కండ్లు కాయలు గాయంగ సూసింది. ఒకటే పల్టన్ గదా, నిజం తెస్తడని. గీయన అచ్చి మంచంల కూసున్నడు. అత్త చెంబుతోని నీళ్లిచ్చింది. గీయన ఎత్తి పట్టి, చెంబు ఒడిసేదాక తాగిండు."

"తర్వాత?"

"అత్త నవ్వింది. తండా అంత నవ్విండ్రు. గీయన తర్వాత ఏందో చెప్పిండు. ఎవ్వరు ఇనలే. నీళ్లు తాగినోడు సావు కబురు తేడు అని అత్త కాయితం మీద ఏలిముద్ర సుత ఎయ్యలే. నన్ను గాజులు తియ్యనియ్యలే. కొడుకు అస్తడని సూసుకుంటనే పోయింది."

నేను మా ఆయన వైపు తిరిగాను. అంతా విన్నాడు. పట్టాల వైపు చూస్తున్నాడు.

"నీళ్లు ఎందుకు తాగినవ్ జీ?"

అటే చూస్తూ అన్నాడు. "దూపయింది."

"దూపయిందా?"

"కేసముద్రం స్టేషన్ కాడికెల్లి నడిచి పోయిన. ఎండ. వాళ్లు ఇచ్చిండ్రు, తాగిన. నాకు తెల్వదు. నేను చెప్తుంటే వాళ్లు నవ్విండ్రు. ఎందుకు నవ్వుతున్నరో సమజ్ కాలే. లేచి వచ్చిన."

కొట్టాలనిపించింది. యుద్ధం నుంచి బతికి వచ్చినవాడు రెండు నిమిషాలు దాహం ఓర్చుకోలేడా అని. మళ్లీ అనిపించింది, ఎవరికి తెలుస్తుంది? మా ఇళ్లలో ఎవరొచ్చినా ముందు నీళ్లే ఇస్తాం, వద్దంటే అవమానం. ఇంటికి వచ్చి ఆయన నోరు మూసుకున్నది అందుకేనేమో. తెచ్చిన చావు వార్త విని జనం నవ్వితే, ఇంకో మాట ఎవరితో ఎందుకు మాట్లాడతాడు?

కమ్లీ గొంతు తగ్గించి నాతో అంది. "నాకు ఎరుక లేదా బూబమ్మా, పోయిండని? ఎప్పుడో ఎరుకైంది. కానీ చెప్పనిదే నలుగురు కూడరు, కూడనిదే ఏడ్వరాదు. ఒక్కదాన్నే ఏడిస్తే బతికున్నోనికి అరిష్టం అంటరు. గందుకే ఏడ్వలే. ఇప్పటిదాక ఏడ్వలే."

"ఇప్పుడన్న చెప్పొచ్చా ఆయన?"

"నాయకును అడుగుత" అంది.

తండా నాయకు మంగీలాల్ ఒప్పుకున్నాడు. మరుసటి ఆదివారం పొద్దున మేమిద్దరం బయల్దేరాం. మా ఆయన చాయ్ కూడా తాగలేదు. నేను పెట్టి ఇస్తే అటు జరిపాడు. దారిలో ఎవరో తెలిసినవాళ్లు బావి దగ్గర పిలిచారు, ఆయన వాళ్ల వైపు చూడనే లేదు.

కమ్లీ ఇంటి ముందు తండా అంతా కూడి ఉంది. ఆయన గడప బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. పెళ్లయిన నాటి నుంచి ఆయన అంతసేపు మాట్లాడగా నేను వినలేదు. గొంతులో హెచ్చుతగ్గులు లేవు. బస్సుల టైము చెప్పినట్టు చెప్పాడు.

"చాంద్యా చచ్చిపోయిండు. నేను చూసిన. ఒక కాలువ దాటుతున్నం, నడుము లోతు నీళ్లు. నా ముంగట ఉండె. తూటా మెడకు తాకింది. నేను పట్టుకున్న. ఒడ్డుకు తెచ్చేవరకే పానం పోయింది. ఏమన్న చెప్పిండా అని అడుగుతరేమో, ఏం చెప్పలే, టైం లేకుండె. అందరిని ఒక్కకాడ పూడుస్తుండ్రి. ఈయన పెండ్లయినోడు, వీళ్లల్ల పెండ్లయినోళ్లను కాలుస్తరు అని మా సాబ్‌కు నేను చెప్పిన. వరి పొలం గట్టు మీద కాల్చినం. గంతే."

ఎవరూ నవ్వలేదు. కమ్లీ లోపలి నుంచి వచ్చి నా ముందు కూర్చుని చెయ్యి చాపింది. "తొడిగింది నువ్వే. నువ్వే తియ్యి."

తీయడం నాకు చేతకాదు అందామనుకున్నాను. అనలేదు. నూనె రాసి ఒక్కొక్కటే మోచేతి మీదుగా లాగాను. చెయ్యంతా ఎండకు నల్లబడి ముడతలు పడ్డది. గాజుల కింది మేర మాత్రం పడుచుపిల్ల ఒళ్లులా నున్నగా ఉంది. అది చూస్తే కూడా నాకు ఏడుపు రాలేదు. నా చేతులు పని చేస్తూ పోయాయి.

కమ్లీ తలెత్తి మా ఆయనను అడిగింది. "సాయబూ, అప్పుడు ఆయనకు ఎన్నేండ్లుండె?"

"నాకంటే చిన్నోడు. ఇరవై రెండో, మూడో."

ఆమె చుట్టూ చూసింది. మంగీలాల్ కొడుకు ప్రేమ్‌సింగ్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, డిగ్రీ చదివే పిల్లగాడు. వాడినే చూస్తూ ఉండిపోయింది.

"నేను ముసలోన్ని చేసిన బూబమ్మా" అంది. "నాతోపాటే. పండ్లు ఊసిపోయి, కండ్లు కనబడక, యాడనో కూసున్నడు, ఎవరు బువ్వ పెడుతున్నరో అనుకుంట ఉన్న. గింత పోరడా సచ్చింది?"

ఆడవాళ్లు వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం తీసి ఏడ్వడం వాళ్ల పద్ధతి. పోయినవాడు ఏమవుతాడో దాన్నిబట్టి ఆ ఏడుపులో మాటలు ఉంటాయి. మొగుడికి వేరు, తండ్రికి వేరు. గాజులమ్మే దాన్ని కాబట్టి వాళ్ల మాట నాకు కొంత తెలుసు. అందరిలోకి పెద్దది తుల్సీబాయి, మొగుడి కోసం ఏడ్చే మాటలతో ఎత్తుకుంది. కమ్లీ ఆమె మెడ మీద తల పెట్టింది. నోరు తెరిచింది. వచ్చిన మాట "మారో బేటా" అని. నా కొడుకా అని.

తుల్సీబాయి ఆగి, చెవిలో చెప్పింది. అది కొడుకుకు ఏడ్చేది, మొగుడికి అట్ల అనరాదు అని. కమ్లీ తల ఊపింది. ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టింది.

"మారో బేటా."

ఈసారి తుల్సీబాయి ఆపలేదు. తనూ అదే మాట అందుకుంది, ఆమె వెనక మిగతా ఆడవాళ్లు అందుకున్నారు.