బంతి మీది ఉంగరం

"అదిగో, మళ్లీ రుద్దుతోంది!"

పచ్చిక బంతుల క్లబ్బు కిటికీ దగ్గర డెస్మండ్ గిల్‌పిన్ టీ కప్పు దించాడు. బయట ఓర్లా మెక్‌కీవర్ బంతిని గుడ్డతో తుడిచి, బొటనవేలితో నిమిరి నిమిరి, ఎంతకీ వేయడం లేదు. పచ్చిక మీద పెద్ద బంతులు దొర్లించి, తెల్ల బుల్లిబంతికి ఎవరిది దగ్గరగా ఆగితే వాళ్లు గెలిచే ఆట అది. ఉత్తర ఐర్లండ్ కౌంటీ డౌన్‌లోని ఆ చిన్న ఊరి క్లబ్బులో టీ పల్చన, టీకాతాత్పర్యాలు చిక్కన.

"గుడ్డలో ఏదో ఉంది."

"చెమట ఉంటుంది," అంది టీ పోస్తున్న హేజెల్.

"ఇన్నేళ్లు ఐర్లండ్‌కి ఆడిన మనిషికి ఈ ఏడే చెమట పట్టిందా?"

ఎదుటివారి బంతి మీద అనుమానముంటే పరీక్షకు పంపమనే హక్కు ఈ ఆటలో ఉంది. రాబోయే క్లబ్బు ఫైనల్లో ఓర్లా ప్రత్యర్థి డెస్మండే. పంపించాడు. బంతులు నిక్షేపంగా తిరిగొచ్చాయి.

"అయితే మాయ గుడ్డలోనే ఉందన్నమాట," అన్నాడు. పాఠకులారా, గుడ్డను అంతగా చూసినవారి గుడ్డితనం చూడండి! ఆ వేసవి ఐర్లండ్ జట్టులో చోటు కోసం ఓర్లా ఎదురుచూస్తోంది. జట్టును ఎంపిక చేసేవాళ్లకు డెస్మండ్ ఫోన్ చేసి, "ఆవిడ మీద ఓ కన్నేసి ఉంచండి" అన్నాడు.

ఫైనల్లో స్కోరు సమం. ఓర్లా ఆఖరి బంతి వేసింది. ఈ బంతులు తిన్నగా పోవు, ఒక వైపుకి మొగ్గుతాయి. తెల్ల బుల్లిబంతి వైపు తిరగవలసినది అవతలికి తిరిగి, పక్క వరస ఆటగాళ్ల కాళ్లమధ్యకు దూరింది. బంతిని తిరగేసి పట్టడం మొదటివారం నేర్చుకునేవాళ్లు చేసే పొరపాటు.

"కావాలనే ఓడింది! దొరికిపోతానని భయం!" అన్నాడు గెలిచిన డెస్మండ్. గెలిస్తే మోసం, ఓడితే వేషం. అనుమానానికి రెండు పూటలా విందే.

హేజెల్ మాత్రం తిన్నగా వెళ్లి, "ఏమైందే ఓర్లా?" అని అడిగింది. అన్నాళ్లలో అడిగిన మొదటి మనిషి ఆమే.

ఓర్లా గుడ్డను డెస్మండ్ చేతిలో పెట్టింది. "దులుపుకో." ఏమీ రాలలేదు.

"చలికాలం నుంచీ కళ్లు మసకబారాయే. మొగ్గు ఏ వైపో చెప్పడానికి బంతి మీద బుల్లి ఉంగరం చెక్కుతారు కదా, అది కనబడట్లేదు. వేలితో వెతుక్కుంటున్నా. ఇవాళ తడబడ్డా."

"మరి చెప్పవేం?" అన్నాడు డెస్మండ్.

"చెబితే పాపం అంటూ బెంచీ మీద కూర్చోబెడతారు. జోడీ ఆటలో పక్కవాళ్లు 'ఉంగరం చూసుకో' అని ఒక్క మాటంటే చాలు, ఆడగలను. ఆ మాట అడిగేంత నమ్మకం మీ మీద కలగనివ్వలేదుగా మీరు!"

డెస్మండ్ మొహం కందిపోయింది. "నేను... జట్టును ఎంపిక చేసేవాళ్లకి నీ మీద అనుమానమని ఫోన్ చేశాను."

"మళ్లీ చెయ్యి, అందరూ వినేలా. నా కళ్ల సంగతి నేను చెప్పుకుంటా. మోసమేమీ లేదన్న సంగతి నువ్వు చెప్పు."

చేశాడు. "గిల్‌పిన్‌ని మాట్లాడుతున్నా. ఓర్లా గుడ్డలో ఏమీ లేదండీ. ఉన్నదంతా నా బుర్రలోనే." ఫోన్ ఆమెకిచ్చాడు. ఓర్లా తన కళ్ల సంగతి దాచకుండా చెప్పింది. చాలాసేపు విని ఫోన్ పెట్టేసింది.

"జోడీ ఆటలో పరీక్షిస్తారట. జోడీని నన్నే తెచ్చుకోమన్నారు." డెస్మండ్ వైపు తిరిగింది. "ఎలాగూ నీ కళ్లు నా చేతిమీదే ఉంటాయి కదయ్యా, నువ్వే రా!"

సాటిమనిషి తీరు వింతగా తోస్తే, నలుగురితో అనేముందు ఆ మనిషినే ఒక్క మాట అడగండి.