కరెంటు పోయిన పూట

కడిగిన ప్లేటును గ్రేస్ బోర్లించి, నాలుగు మడతలు పెట్టిన పాత తువ్వాలు మీద టపటపా కొట్టింది. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పలక అది, నిండా చిన్న చిన్న గుంటలు. గుంటలో చుక్క నీరు మిగిలినా లెక్క తప్పుతుంది. అందుకే ఆమె కొట్టుడుకు పక్కగదిలో గుమస్తా రోజూ ఒకసారి ఉలిక్కిపడతాడు. ఈరోజు అతను రెండుసార్లు లేచొచ్చి చూసి వెళ్ళాడు.

గ్రేస్ పొట్టి మనిషి. మోకాళ్ళు కొంచెం బయటికి వంగి ఉంటాయి. నడిస్తే ఒకవైపు ఒరిగినట్టు కనిపిస్తుంది. నల్లగొండ పశువుల దవాఖాన ల్యాబులో టెక్నీషియన్‌గా చేరినప్పుడు జడ నడుము దాకా ఉండేది, ఇప్పుడు వేలెడు ముడి మిగిలింది. ఇన్నేళ్ళూ ఆమె చూసినవి గొర్రెల పెంటికలు, బర్రెల నెత్తురు. మందలకు మందలు సీసాల్లో వచ్చేవి, ఫలితాలు కట్టలు కట్టలుగా పై ఆఫీసుకు పోయేవి. ఆ కట్టలు ఎవరు విప్పారో, అసలు విప్పారో లేదో దేవుడికే తెలియాలి. "ఏమొచ్చిందమ్మా?" అని గుమ్మం దగ్గర నిలబడి అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఈరోజు ఒకడున్నాడు. వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అందుకే గ్రేస్‌కు పొద్దుటి నుంచీ కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

అతని పేరు గాలయ్య. దేవరకొండ దగ్గర బత్తాయి తోటకు కావలి. కక్కి కక్కి లేవలేకపోతున్న కుక్కను బత్తాయిల ట్రాలీలో పడుకోబెట్టుకుని తెల్లారేసరికి దిగాడు. డాక్టరు స్నిగ్ధ పొట్ట నొక్కితే అది పళ్ళు బయటపెట్టింది తప్ప మొరగలేకపోయింది.

"ఎక్స్‌రేల సరిగ్గ తెలుస్తలేదక్కా," అంది స్నిగ్ధ నెత్తురు సీసా అందిస్తూ. "తిన్న బొక్క పేగుల ఇరికిందేమో అనిపిస్తాంది. మీ ప్లేటుల ఎక్కువొస్తే కోసుడు లేదు. రాకపోతే మధ్యాన్నానికి పొట్ట కోయాల్సిందే. అది కోతకు తట్టుకుంటదని నాకు నమ్మకం లేదు."

సీసా మీద రాయడానికి గ్రేస్ కుక్క పేరడిగింది.

"కరెంటు," అన్నాడు గాలయ్య.

"ఏందీ?"

"కరెంటే బిడ్డా. తోటలకు రాత్రీ పగలూ కరెంటిస్తమన్నరు సూడు, గా నాడే గీ కుక్కపిల్ల షెడ్డు కాడికొచ్చింది. మా ఇంటిది గోపమ్మ గట్ల పేరు వెట్టింది."

"ఏమన్న తినవెట్టినవా పెద్దయ్యా?"

గాలయ్య తల దించుకున్నాడు. "తోట ఆసామి ఇంట్ల దావత్ అయింది. యాటను కోసి కొవ్వంత పారేస్తాంటె మనసొప్పలే. దానికే వెట్టిన. మస్తు తిన్నది. మర్నాటి సంది కక్కుడే. నేనే సంపుకుంటున్ననా బిడ్డా?"

గ్రేస్ సీసా మీద పేరు రాసింది. కుక్క కడుపులో క్లోమం అనే మాంసపు ముద్ద ఉంటుంది. కొవ్వును అరిగించే లైపేజ్ అనే ఎంజైమును తయారుచేసేది అదే. కొవ్వు ఎక్కువ తిని ఆ ముద్ద వాచిందంటే ఎంజైము నెత్తుట్లోకి కారుతుంది. ప్లేటు గుంటల అడుగున అతికించిన యాంటీబాడీ దాన్ని పట్టుకుంటుంది. ఎంత పట్టుకుంటే రంగు అంత ముదురుతుంది. ఇదంతా చెప్పవచ్చు గానీ, ప్లేటు చెప్పకముందే మనిషి ఎలా చెబుతుంది? "జర ఓపిక పట్టు," అని మాత్రం అంది.

కుక్కల కోసం ఈ పరీక్ష కిట్టు రావడం ఈ ల్యాబుకు ఇదే మొదలు. నందికొండలో కాలువ గేట్ల దగ్గర పనిచేసే భర్త జానీకి ఆ సంగతి ఫోనులో చెబితే పకపకా నవ్వాడు.

"కుక్కల ప్లేటా? దానికి గింత సంబురమా?"

"నీ గేటెత్తితే నీళ్ళొస్తయి. నా ప్లేటుల పాణమొస్తది. పెట్టేయ్ ఫోను!"

ఫోను పెట్టేశాక తండ్రి గుర్తొచ్చాడు. బాలస్వామి ఊళ్ళో చచ్చిన గొడ్లను ఈడ్చుకుపోయి పాతిన మనిషి. "పాణమున్నదాన్ని ముట్టుకునే కొలువు చెయ్యి బిడ్డా," అని ఆమెను చదివించాడు. కొలువు దొరికింది, కానీ ముట్టుకున్నవన్నీ సీసాలే. ఆ సంగతి తండ్రికి ఆమె చెప్పనే లేదు.

ఆఖరి కడుగు అయింది. రంగుమందు వేసింది. కాసేపటికి గుంటల్లో నీలం పుట్టింది. రోగం లేని కుక్కల నెత్తురు వేసిన గుంటల్లో ఆకాశమంత పలచగా ఉంది, కరెంటు గుంటలో మాత్రం సిరా ఒలికినట్టు చిక్కబడుతోంది. కళ్ళను నమ్మకూడదు, మిషను చెప్పాలి. ఆమ్లం చుక్కలు వేయగానే నీలమంతా పసుపైంది. ఇక ఆలస్యం చేస్తే ఆ రంగును నమ్మడానికి లేదు. ప్లేటును మిషన్లో పెట్టి మూత వేసి మీట నొక్కింది.

మిషను దీపం ఆరిపోయింది. పైన ఫ్యాను ఆగింది.

"కరెంటు పోయింది!" వరండాలో అటెండరు ఎల్లేష్ కేక వేశాడు.

ఇన్వర్టరు బ్యాటరీ మరమ్మతుకు పోయి తిరిగిరాలేదు. "గీ కరెంటు పాడుగాను! ఇప్పుడే పోవాల్నా!" గ్రేస్ మిషను మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. చెమట ముక్కు కొసన వేలాడుతోంది. తెలిసిన ప్రార్థనలన్నీ అయిపోయాయి, మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. ఇంకాసేపైతే పొద్దుటి పనంతా గంగపాలే, కుక్క కత్తి పాలే.

ఫ్యాను గుర్రుమని తిరిగింది. మిషను కీచుమంది. అంకెలు వచ్చాయి. నాలుగు వందలు దాటితే క్లోమం రోగమే, కరెంటుది ఏడు వందల పైన ఉంది! కిట్టుతో వచ్చిన నమూనాలను సరిచూసింది. తప్పు లేదు.

"కొయ్యద్దు డాక్టరమ్మా!" అని అరుస్తూనే ఆపరేషన్ గదిలోకి దూరింది.

స్నిగ్ధ కాగితం చూసి కత్తులున్న ట్రేను పక్కకు జరిపింది. "సెలైన్ పెడ్త, నొప్పికి మందిస్త. ఇగ దక్కుతదక్కా. పెద్దయ్యను పిలువు."

వరండా ఖాళీగా ఉంది.

"ఆయన ఇప్పుడే పోయిండు మేడం," అన్నాడు ఎల్లేష్. "'నిజంగ పోయిందా' అని అడిగిండు. 'పోయింది, మనమేం చేస్తం పెద్దయ్యా' అన్న. ఇగ ఏడ్సుకుంట, 'నేను సూడలేను, మీరే జర మట్టి చెయ్యిండ్రి' అని దేవరకొండ బస్సుకు పోయిండు. మట్టి ఎందుకో నాకు సమజ్ కాలే."

"అయ్యో దేవుడా! గా కుక్క పేరే కరెంటురా!"

గ్రేస్ పరుగెత్తింది. పెళ్ళయ్యాక ఆమె పరుగెత్తడం ఎవరూ చూడలేదు. మోకాళ్ళు కలుక్కుమంటున్నా ఆగలేదు. మలుపు దగ్గర బస్సు కదులుతోంది. వెళ్ళి దానికి ఎదురుగా చేతులు చాచి నిలబడింది. బ్రేకు కీచుమంది.

"సావాలని ఉన్నదా అమ్మా?" డ్రైవరు అరిచాడు.

"గాలయ్యా! నీ కరెంటు పోలే! ఉన్నది!"

"మీ ఇంట్ల కరెంటుంటె ఉండనియ్యి! బస్సెందుకు ఆపుడు?" అన్నాడు కండక్టరు. బస్సు బస్సంతా నవ్వింది.

కిటికీలోంచి గాలయ్య తడి ముఖం బయటికొచ్చింది. "పోయిందన్నరు గద బిడ్డా!"

"పోయింది దీపాల కరెంటు! నీది బతికే ఉన్నది. బొక్క గాదు, కొవ్వు రోగం. కోసుడు లేదు. దక్కుతది, దిగు!"

అతను జనాన్ని తోసుకుంటూ దిగి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. గ్రేస్ నవ్వింది. పుట్టినూరు మర్రిగూడ ఫ్లోరైడు నీళ్ళకు గోధుమ గీతలు పడ్డ పళ్ళని ఆమె ఎప్పుడూ పెదాలు బిగించే నవ్వుతుంది. ఇప్పుడు నడిరోడ్డు మీద, బస్సెడు మంది ముందు, ఉన్న పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

కండక్టరు విజిలు వేశాడు. బస్సు వాళ్ళను దాటి కదిలింది.

గాలయ్య ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు. "అరె, దాని బెల్టు. మెడల నెత్తురు తీసేటప్పుడు డాక్టరమ్మ ఇప్పి నా చేతుల వెట్టింది. గోపమ్మకు అదన్న సూపిద్దామనుకున్న. సీట్ల కాడనే మర్సిన."

"ఆపుదామా?"

"పోనియ్యి బిడ్డా. నడువు, దాని కాడికి పోదాం."

ఆ కిటికీ పక్క సీట్లో అప్పటికి ఇంకా ఎవరూ కూర్చోలేదు. ముందు సీటు కడ్డీకి తగిలించిన ఎర్ర బెల్టు, దాని చిన్న గజ్జె, బస్సు కుదుపులకు ఊగుతూ దేవరకొండకు పోతున్నాయి.