పెట్టె దాటిన ఈగలు

మంగ్లి చేసేది ఈగల జనాభా లెక్క. ఒకేరోజు పుట్టిన పండు ఈగలను జాలీ పెట్టెల్లో పెంచి, రోజూ చచ్చినవాటిని ఏరి, ముసలితనం వాటిమీద ఎంత జోరుగా వచ్చి పడుతుందో కనిపెట్టడం. ములకలపల్లి దగ్గరి తండాలో ఈ మాట చెబితే, ఈగలు తోలుకునేవాళ్లకు కూడా జీతమా అని పడిపడి నవ్వారు.

మంగ్లి యాడీ అని పిలిచే తల్లి రుక్మిణి నవ్వలేదు. ఖానాపురం హవేలిలో కూతురి కిరాయి గదికి వచ్చినప్పుడు, ఆ ల్యాబేదో చూస్తానని వెంటబడింది. మేత పెట్టడానికి మంగ్లి పెట్టె తలుపు తీయగానే రెండు ఈగలు తుర్రుమన్నాయి.

"మరి గవాటిని ఏమని రాస్తవే?"

"చచ్చినట్టు రాయం, యాడీ. కనబడ్డదాక బతికున్నయని రాస్తం. తర్వాత సంగతి తెల్వదంటం."

తల్లి ముఖం వెలిగింది. ఎందుకో మంగ్లికి తట్టలేదు. చదువుకున్న బుర్రకు కొన్ని ఆలస్యంగా ఎక్కుతాయి.

మంగ్లి అన్న భద్రు బొగ్గుబాయి కార్మికుడు. డ్యూటీకని ఇల్లు కదిలినవాడు డ్యూటీకీ చేరలేదు, ఇంటికీ రాలేదు. ఏడేళ్లు దాటాయి. ఇక చనిపోయినట్టేనని కోర్టు తేలిస్తే, ఆ ఉద్యోగం భార్య భానుకు వస్తుంది. కూలికి పత్తి ఏరి ఇద్దరు పిల్లల్ని సాకుతున్న భానుకు ఉన్న ఆశ అదొక్కటే. తల్లి కూడా ఒప్పుకుని సంతకం పెట్టాలన్నాడు వకీలు. అతని ముందే రుక్మిణి కలం పక్కకు నెట్టేసింది.

"కనబడనోళ్లను చచ్చినట్టు రాయొద్దంట. పెద్ద సదువు సదివిన నా బిడ్డనే చెప్పింది."

భాను ఆడబిడ్డ వైపు ఒక్కసారి చూసింది. మంగ్లికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"యాడీ, గది ఈగల లెక్క."

"ఈగలకున్న న్యాయం నా కొడుక్కు లేదా?" అని, "ఎగిరిపోయినయి మళ్ల వచ్చినయా?" అని అడిగింది.

అబద్ధమాడితే తల్లి ఆశ నిలుస్తుంది. నిజం చెబితే వదిన పిల్లలు నిలుస్తారు.

"ఒక్కటి గూడ రాలే, యాడీ."

రుక్మిణి సంతకం పెట్టింది. భాను అత్తను పట్టుకుని ఏడ్చింది. బతుకుదెరువు దొరికినందుకో, మొగుడు పోయినందుకో ఆమెకే తెలియాలి.

బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు తల్లి మళ్లీ అడిగింది.

"ఎగిరిపోయినవాటిని ఎన్నడన్న ఎతికినవా, బిడ్డా?"

"లే" అంది మంగ్లి. ఈగలనే కాదు, అన్ననూ ఆమె వెతకలేదు. అన్న కనబడకుండా పోయిన ఏడాది ఆమెకు పరీక్షలున్నాయి.