అక్షరం పడిన కార్డు

ఉదయం అక్క ఫోన్ చేసి, "పన్నెండు లోపు వస్తావుగా?" అని మూడోసారి అడిగింది. అక్కది రెండో పెళ్లి. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. మా వైపు నుంచి సాక్షిగా నిలబడతానన్నది నేనొక్కదాన్నే. అమ్మానాన్నలు మొహం చాటేశారు. పన్నెండు దాటితే ఇవాళ్టికి ఆ ఆఫీసు మూసేస్తారు, మళ్ళీ తేదీ దొరికేది నెల తరవాతే. "చచ్చినా వస్తానక్కా," అన్నాను.

అంత గొప్పగా మాటిచ్చినదాన్ని, పదకొండింటికి సర్వర్ గదిలో ఇరుక్కుపోయి ఉన్నాను. నా ఖర్మ!

మా ఆఫీసు తలుపులకు కొత్త యంత్రాలు పెట్టారు. అవి కార్డు నంబర్లను మామూలు పది లెక్కలో చదవవట, పదహారు లెక్కలోనే చదువుతాయట. ఆ లెక్కలో తొమ్మిది తరవాత A నుంచి F దాకా అక్షరాలొస్తాయి. మా జాబితాలో ప్రతి వరుసలోనూ పేరు, హోదా, వాటి మధ్య కార్డు నంబరు ఉంటాయి. ఒట్టి అంకెలే ఉన్న మాట కనిపిస్తే దాన్ని మార్చేసి, మిగతా మాటల జోలికి పోని కంప్యూటర్ స్క్రిప్టు ఒకటి రాశాను. పట్టుమని పది వరుసలు కూడా లేదు. నా 1553 కాస్తా 611 అయింది. తలుపులన్నీ బుద్ధిగా తెరుచుకున్నాయి.

కానీ మా ఆఫీసరుకి ఏ పనైనా రెండుసార్లు చెయ్యందే నిద్రపట్టదు. పంపిన ఉత్తరమే మళ్ళీ పంపుతాడు. ఆఫీసంతా ఆయన్ని చాటుగా "ఇంకోసారి గారు" అంటుంది. ఆయన పాస్‌వర్డ్ లేనిదే జాబితా తలుపులకు చేరదు. పని ముగించి సర్వర్ గదిలో నేను సంచీ సర్దుకుంటుంటే ఫోన్ చేసి, "అమ్మాయ్, ఎందుకైనా మంచిదని ఇంకోసారి నడిపి పంపేశాను," అన్నాడు.

నాకు మతి పోయింది. 611 అప్పటికే మారిన నంబరని స్క్రిప్టుకేం తెలుసు? మామూలు అంకెలే అనుకుని మళ్ళీ మార్చి 263 చేసి కూర్చుంది. అక్షరం పడిన నంబర్లను మాత్రం మాటలనుకుని ముట్టుకోలేదు. ఆయనది 61A, బతికిపోయాడు! ఒట్టి అంకెల వాళ్ళం ఎక్కడివాళ్ళం అక్కడే. ఆ గదిలోకి రావాలన్నా, పోవాలన్నా కార్డే దిక్కు.

విషయం చెబితే, "నా కార్డు పనిచేస్తోందే! నీది తుడిచి చూడు," అని మీటింగుకి పోయి ఫోన్ కట్టేశాడు. కాపలా అతనిదీ ఒట్టి అంకెల కార్డే. జాబితా సరిచేశాను, కానీ పంపడానికి పాస్‌వర్డ్ ఏదీ? తలుపు బాదాను. అంత చలిగదిలోనూ చెమటలు పట్టాయి. పదకొండూ ఇరవై.

మా అంతస్తులో అక్షరం పడినవాళ్ళెవరా అని జాబితా వెతికాను. ఆఫీసరు కాక ఒక్కరే, 62B. మా పాత బావ చెల్లెలు. ఒకప్పుడు వదినా, వదినా అంటూ ఆవిడ వెంట తిరిగాను. విడాకులయ్యాక ఈ నాలుగేళ్ళూ ఎదురుపడితే ఇద్దరం గోడలు చూసుకుంటూ పోతున్నాం. పోయి పోయి ఆవిణ్ణే బతిమాలాలా? ఒంట్లో బాగాలేదని అబద్ధం చెబుదామనుకున్నాను. ఆవిడ గొంతు వినగానే అబద్ధానికి నోరు రాలేదు.

"వదినా, సర్వర్ గదిలో ఇరుక్కున్నాను. ఈ అంతస్తులో నీ కార్డొక్కటే పనిచేస్తుంది."

"ఆఫీసరొచ్చి తీస్తాడుగా. అంత తొందరేంటి?"

"పన్నెండు లోపు అక్క పెళ్లి. నేను సంతకం పెట్టాలి."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. నేను నేల మీద కూలబడి ఏడ్చేశాను. అక్క అక్కడ గుమ్మం వైపే చూస్తూ కూర్చుని ఉంటుంది.

కాసేపటికి తలుపు అద్దంలో ఆవిడ మొహం కనిపించింది. కార్డు చేతిలోనే ఉంది, ఆనించడం లేదు.

"మా అన్న మీ అక్కని గదిలోకి తోసి గొళ్ళెం పెట్టేవాడు. తెలుసా?"

"తెలుసు."

"నేను హాల్లోనే ఉండేదాన్ని. తలుపు కొడుతూ నన్నే పిలిచేది. ఒక్కసారి కూడా తియ్యలేదు నేను."

తలుపు తెరుచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ చెంపా ఈ చెంపా వాయించాలనిపించింది.

"తిట్టాలంటే రేపు తిట్టు," అంది ఆవిడ, పక్కకి జరుగుతూ. "ఇప్పుడు పరిగెత్తు."

పరిగెత్తాను. మెట్ల దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, గదిలో ఎవరూ లేకపోయినా ఆవిడ ఆ తలుపుని రెండు చేతులా తెరిచి పట్టుకునే ఉంది.