రెండంగుళాల పొడుగు

మా ఆవిడ గొడ్డలి విసురుతుందని చెబితే, వినేవాళ్లు ముందు నా వైపు జాలిగా చూస్తారు. "ఇంట్లో కాస్త ఒదిగి ఉండండి అన్నయ్యా!" అంటారు. నేనూ నవ్వేస్తాను. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఏళ్లు తడి దుప్పట్లు ఎత్తిన చెయ్యి అది. పాత గోదాములో క్లబ్బు పెట్టిన దగ్గర్నుంచి, అంటే నాలుగేళ్లుగా, చిన్న గొడ్డలిని గురి చూసి విసరడం నేర్చుకుంటోంది.

క్లబ్బు జట్టులో ఒక్క చోటు మిగిలింది. దానికోసం ఆ ఆదివారం పొద్దున మా ఆవిడకీ ఒక బస్సు డ్రైవరుకీ పోటీ. మనిషికి మూడు విసుర్లు. పలక మధ్యనున్న ఎర్ర మచ్చకు ఐదు, దాని చుట్టూ ఉన్న వలయానికి మూడు, బయటి వలయానికి ఒకటి.

ముందురోజు సాధనలో ఆమె గొడ్డలి పిడి చీలిపోయింది. పనిముట్లకు పిడులు చెయ్యడమే నా వృత్తి. దేవుణ్ణి తలుచుకుని మంచి చెక్క ఏరి, చిత్రిక పట్టి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది కొత్తది బిగించాను. పట్టు నిండుగా ఉంటుందని పాతదానికన్నా రెండంగుళాలు ఎక్కువ వదిలాను. కట్టెలు కొట్టేవాళ్లు అలా అడిగి మరీ చేయించుకుంటారు.

"పొడుగైనట్టుందండీ," అంది ఆమె చేతిలో తిప్పి చూసి.

"నీకోసమేలే, కాస్త ధారాళంగా చేశాను."

విసిరి చూసుకునే వ్యవధి లేదు. మేం వెళ్లేసరికే పోటీ మొదలైంది. డ్రైవరు ఐదు, మూడు, ఒకటి కొట్టి తొమ్మిది తెచ్చుకున్నాడు.

మా ఆవిడ గీత దగ్గర నిలబడి విసిరింది. గొడ్డలి గాలిలో తిరిగింది కానీ చుట్టు పూర్తి కాలేదు. పిడి చివర పలకకు ఠప్పున తగిలి, గొడ్డలి కింద పడింది.

"సున్నా!" అన్నాడు కోచ్.

"పిన్నిగారి గొడ్డలికి ఇవాళ ఆకలి లేదల్లే ఉంది," అన్నాడెవరో వెనకనుంచి.

పిడి పొడుగైతే గొడ్డలి నిదానంగా తిరుగుతుంది. ముప్పై ఏళ్లుగా పిడులు చేస్తున్నవాణ్ణి, ఆ మాట అప్పుడు తట్టింది! చూసేవాళ్లు సలహా చెప్పకూడదని నియమం. ఇక మిగిలింది దండం పెట్టుకోవడమే. కానీ గెలిపించమని ఎలా అడగను? పక్క బెంచీ మీద డ్రైవరు భార్య కూడా కళ్లు మూసుకునే ఉంది. దేవుడు మా ఇద్దరిలో ఎవరి మాట వినాలి? అందుకని, నా చేతి తప్పు ఆమె కంటికి కనబడేట్టు చెయ్యి స్వామీ, అని మాత్రం అడిగాను.

ఆమె గొడ్డలి తీసుకోవడానికి వెళ్లి, పలక మీద పిడి చేసిన గుండ్రటి నొక్కును వేలితో తడిమింది. ఒక్కసారి నా వైపు చూసింది. కోపం లేదు. దుప్పట్ల కుప్పలోంచి రెండో మేజోడు దొరికినప్పుడు ఎలా చూస్తుందో అలా చూసింది.

గీత దగ్గరకు వచ్చి, మడమ వెనక బొటనవేలు ఆనించి ఒక పాదం వెనక్కి కొలుచుకుంది. చుట్టు పూర్తయ్యేందుకు ఇంకో అర పాదం. కరచాలనం చేసినట్టు పిడి పట్టుకుంది. మణికట్టు విరవలేదు, బలం చూపలేదు. చెయ్యి గురివైపు చాచినప్పుడు వేళ్లు వదిలాయంతే.

ఎరుపులో దిగింది. ఐదు.

మూడోసారి అదే చోట నిలబడి, అదే చేత్తో, తొందర లేకుండా విసిరింది. రెండో గాటు మొదటిదాన్ని ఆనుకుని పడింది.

"పది!" కోచ్ అరిచాడు. బెంచీ ఎక్కి నిలబడ్డానని, డ్రైవరు భార్య నా చొక్కా పట్టుకుని లాగేదాకా నాకు తెలియలేదు.

బయటికి వస్తూ, "ఇటివ్వు, రెండంగుళాలు కోసేస్తాను," అన్నాను.

"ముట్టుకోకండి. ఇప్పుడు నా కాలికి దాని లెక్క తెలుసు."

అంతలో డ్రైవరు వెనకే వచ్చాడు. "బాబాయ్, నాక్కూడా ఒక పిడి చేసిపెట్టాలి."

"ఎంత పొడుగు?"

"పిన్నిగారికి చేసినంత."

ఆవిడ అతణ్ణి నెత్తి నుంచి కాళ్లదాకా చూసింది. "పిడి ఆయన చేస్తారు నాయనా. ఎక్కడ నిలబడాలో నువ్వే వెతుక్కోవాలి," అని, గొడ్డలి భుజాన వేసుకుని నాకన్నా ముందు నడిచింది.