కంట్లో సున్నం

సాయన్న ఐదో డబ్బా సున్నం ఖాళీ చేసి ఆరోది ఎత్తుకునేసరికి ఎండ గోల్‌పోస్టు అడ్డకర్ర మీదికి వచ్చింది. తాడు బిగించి, రెండు కొసలా మేకులు కొట్టి, అడుగున చిల్లులు పొడిచిన డబ్బాను తాడు వెంబడి ఊపుకుంటూ నడవాలి. చెయ్యి ఒకే తీరుగా ఊగితేనే గీత ఒకే వెడల్పున పడుతుంది. వనపర్తి మైదానంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా గీతలన్నీ ఆ చెయ్యి గీసినవే. వంగి వంగి నడుము వంగినట్టే ఉండిపోయింది. వేళ్ళ సందులు సున్నం తిని పగిలాయి. ఎంత తోమినా గోళ్ళ అంచున తెలుపు పోదు. కనురెప్పల వెంట్రుకలు సగం రాలిపోయాయి. గాలి ఎటు వీచినా ఆ పొడి తన కళ్ళలోకే వస్తుందని సాయన్నకు గట్టి నమ్మకం. అవి ఎప్పుడు చూసినా ఎర్రగా, తడిగా ఉంటాయి.

పుట్టింది పెద్దమందడిలో. పదిహేడేళ్ళకు మేస్త్రి వెంట గుంపులో బొంబాయి పోయి పునాదులు తవ్వాడు. అక్కడ నేర్చుకున్న విద్య ఒక్కటే, తాడుతో మూల తీయడం. ఒక పక్క మూడు మూరలు, ఇంకో పక్క నాలుగు కొలిచి, ఆ రెండు కొసల నడుమ ఐదు మూరలు వస్తే మూల సరిగ్గా కుదిరినట్టు. ఊరికి తిరిగొచ్చాక ఆ విద్యే మైదానంలో పని ఇప్పించింది. బంతాట మీద అతనికి పెద్ద మోజేమీ లేదు. గీత వంకర పోకుండా ఉంటే చాలు.

జనం కూర్చునే మెట్లవైపు మూలకు వచ్చి డబ్బా కింద పెట్టాడు. అక్కడ రెండు గుంటలున్నాయి. అవి శ్రవణ్ కుమార్ మోకాళ్ళ గుంటలు. జుట్టుకు రాగిరంగు వేసుకున్న వనపర్తి జట్టు కెప్టెన్ అతనే. గోల్ కొట్టినప్పుడల్లా, ఒక్కోసారి కొట్టకపోయినా, ఇక్కడికే పరుగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద జారుతాడు. నేలను ముద్దు పెట్టుకుంటాడు. ఛాతీ గుద్దుకుంటాడు. ఏడుస్తాడు. మైదానానికి నాలుగు మూలలున్నా మిగతా మూడింటిలో గడ్డి చెక్కు చెదరలేదు, ఎందుకంటే ఫోన్లు పట్టుకున్న జనం ఉండేది ఈ పక్కనే. ప్రతి ఆట తర్వాత సాయన్న తట్టతో ఎర్రమట్టి మోసుకొచ్చి ఈ గుంటలు పూడ్చాలి.

ఎవరు నిజంగా ఆడారో సాయన్నకు నేలను చూస్తే తెలుస్తుంది. ఎడమ పక్క వెనకాల ఆడే పిల్లవాడొకడున్నాడు, వాడి పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. వాడు తిరిగిన చోట గడ్డి వేళ్ళతో సహా లేచిపోతుంది. వాడి కోసం ఎవరూ కొట్లాడుకోరు. కొట్లాటంతా శ్రవణ్ గురించే. ఈ పాలమూరు కప్పు మొదలైనప్పటి నుంచి ఊరు రెండుగా చీలింది. పానం పెట్టి ఆడేవాడికే ఏడుపొస్తుందని ఒక వర్గం, నాలుగు గోల్స్‌కు ఏడుసార్లు ఏడ్చాడని ఇంకో వర్గం. గోల్‌కీపర్‌ను పదిమందిలో తిట్టి, వెంటనే కావలించుకుని కన్నీళ్ళు పెడితే నాయకుడంటే వీడేనని వీళ్ళు, నాటకాలవాడని వాళ్ళు. మంగలి షాపులో ఒక పెద్దమనిషి ఈ మాట మీదే అలిగి, సగం గడ్డంతో లేచి వెళ్ళిపోయాడు. పనీపాటా లేని ఊరేమీ కాదు, అయినా దీనికి మాత్రం అందరికీ తీరిక దొరికింది.

సాయన్న ఈ రొచ్చులో ఇరుక్కుని మూడు వారాలైంది. నాగర్‌కర్నూల్ జట్టుతో ఆటలో విరామానికి చెరిగిపోయిన గీతలు మళ్ళీ గీస్తుంటే గాలి లేచింది. రెండు కళ్ళలో సున్నం పడి, గీత బయట నిలబడి తువ్వాలతో తుడుచుకుంటున్నాడు. ఆట మళ్ళీ మొదలవగానే శ్రవణ్ గోల్ కొట్టాడు, పరుగెత్తుకొచ్చాడు, ఈసారి నేలకు బదులు సాయన్న కాళ్ళ మీద పడ్డాడు. తల పైకెత్తకుండానే మెల్లగా ఒక మాట అన్నాడు.

"కాకా, తల మీద చెయ్యి పెట్టు. వీడియో తీస్తుండ్రు."

సాయన్న పెట్టాడు. ఒకరు చెప్పిన పని చేయడం అతనికి పుట్టినప్పటి నుంచీ అలవాటు. చెయ్యి తల మీద, కళ్ళ నుంచి ధారగా నీళ్ళు. ఆ వీడియో లక్షల మంది చూశారు. ముసలాయన కూడా ఏడ్చాడని వాళ్ళు ఏడ్చారు. అవి సున్నం నీళ్ళని ఎవరికీ తట్టలేదు. అప్పటి నుంచి రెండు వర్గాలకూ సాయన్న సాక్షి అయ్యాడు. శ్రవణ్ ఏమన్నాడో చెప్పు, నిజంగా ఏడ్చాడా లేదా చెప్పు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సాయన్న పెదవి విప్పలేదు. దాంతో ఇద్దరికీ అతని మీద కోపమొచ్చింది.

పది గంటలకు జితేందర్ వచ్చాడు. మొబైల్ షాపు అతనిది, నాటకమనే వర్గానికి పెద్ద. ఫోను తెరిచి సాయన్న ముఖం ముందు పెట్టాడు.

"కాకా, ఇయ్యాల ఫైనలు. ఒక్క ముచ్చట చెప్పు సాలు. వాడు నీ చెవుల ఏమన్నడు?"

"ఏమనలె."

"పెదాలు కదిలినయి, జూమ్ జేసి సూసినం."

"అయితే గా ఫోన్నే అడుగు."

"నువ్వు గిట్ల మూగోని లెక్కనే ఉంటే వాడు నిన్ను బొమ్మ జేసి ఆడిస్తనే ఉంటడు. సిగ్గనిపిస్తలేదా?"

సాయన్న తాడు చుట్టుకుంటూ అవతలి మేకు దగ్గరికి నడిచాడు. సిగ్గు అనిపిస్తోంది. అది జితేందర్ చెబితే తెలుసుకోవలసినది కాదు.

అతను పోయిన గంటకు ఆటో సాంసన్ వచ్చాడు, శ్రవణ్ వర్గం. చేతిలో బంతిపూల దండ. ఆట అయ్యాక వేదిక మీద శ్రవణ్ తన చేత్తో సాయన్నకు శాలువ కప్పుతాడని, కమిటీ ఒప్పుకుందని చెప్పాడు.

"తెల్లంగి ఏస్కో కాకా. నువ్వు రాకుంటే అన్న తట్టుకోలేడు."

"నాకు నెట్లిప్పే పనుంది."

"నెట్లు ఎవడన్న ఇప్పుతడు. మా అన్న రాకముందు ఈ గ్రౌండుకు ఎంతమంది వస్తుండిరో నువ్వే చెప్పు. యాభై మంది. ఇయ్యాల నాలుగువేలు. మా గల్లీల పొద్దంత తాగి పండే పోరగాళ్ళు పొద్దుగాల లేసి ఉరుకుతుండ్రు. గాయన ఏడుస్తే మీకేం నొప్పి?"

ఆ మాటలో అబద్ధం లేదు. సాంసన్ దండను గోల్‌పోస్టుకు తగిలించి, "రాకపోతే మాత్రం మంచిగుండదు కాకా" అని బెదిరించి మరీ వెళ్ళాడు.

నిజం చెప్పేయడం సాయన్నకు కష్టమేమీ కాదు. పుష్పమ్మను తలుచుకునే ఆగాడు. పుష్పమ్మ అతని భార్య, పల్లికాయ మిల్లులో గింజలు ఏరుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ మిల్లులో తలుపు పక్క దుమ్ములో కూర్చునేది. వీడియో వచ్చాక తోటి ఆడవాళ్ళు ఆమెను ఫ్యాను కింద కూర్చోబెట్టారు. శ్రవణ్ నీ మొగుని కాళ్ళు మొక్కిండటగద అని అడిగితే ఔనని తల ఊపింది. నలభై ఏళ్ళ సంసారంలో సాయన్న ఆమెకు ఇచ్చిన గౌరవం అదొక్కటే అని అతని లెక్క. అది కూడా ఉత్తదేనని చెబితే ఆమె మళ్ళీ తలుపు పక్కకు పోవాలి. అందుకే నోరు కుట్టేసుకున్నాడు. ఇప్పుడు శాలువ. ఆమె కళ్ళ ముందే, నాలుగువేల మంది ముందు, మళ్ళీ ఆ బొమ్మలాట ఆడాలి.

మధ్యాహ్నం పుష్పమ్మ సద్దిగిన్నెతో వచ్చింది. నీలం చీర కట్టింది, తల నున్నగా దువ్వుకుంది. మెట్ల నీడలో కూర్చుని జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. సాయన్న రెండు ముద్దలు తిని ఆగాడు. చెయ్యి గిన్నెలోనే ఉంది.

"పుష్పా, నీకొక ముచ్చట చెప్పాలె. ఆ పోరడు నన్ను మొక్కలె. చెయ్యి పెట్టు, వీడియో తీస్తుండ్రన్నడు. నేను పెట్టిన. నాకు ఏడుపు గూడ రాలె. సున్నం పడ్డది."

పుష్పమ్మ మంచినీళ్ళ సీసా మూత తిప్పుతూ అతని వైపు చూడకుండానే అంది:

"నాకు తెల్వదా?"

"ఎట్ల తెల్సు?"

"నీ ఏడుపు కండ్లకెల్లి రాదు. రేణుకను మన్నుల పెట్టొచ్చిన్నాడు దొడ్డి ఎన్కకు పోయి పొద్దుగూకేదాంక గడ్డపార పట్టి తవ్వినవు. ఎందుకు తవ్వుతున్నవో నీకే తెల్వదు. గదీ నీ ఏడుపు. తొమ్మిదేండ్ల బిడ్డ పోతే రాని కన్నీళ్ళు ఆ రంగునెత్తోనికి వస్తయా?"

"మరి మిల్లుల ఎందుకు ఊకున్నవు?"

"నువ్వు మురుస్తున్నవనుకున్న. పోనీ, ఒక్కపారి మురవనీ అనుకున్న."

సాయన్న ముద్ద నమిలాడు. నువ్వు మురుస్తున్నవని నేను, నేను మురుస్తున్ననని నువ్వు, అని లోపలే అనుకున్నాడు. శాలువ సంగతి చెప్పాడు.

"పోకు," అంది పుష్పమ్మ. "నెట్లిప్పుకొని రా. నేను గేటుకాడ ఉంటా. ఇంటికి పోదాం."

మూడు వారాల్లో మొదటిసారి సాయన్న రొట్టె మొత్తం తిన్నాడు, గిన్నె కూడా తుడిచాడు.

ఆట మూడింటికి మొదలైంది. గద్వాల జట్టు పాటలు పాడలేదు, వలయం కట్టి అరవలేదు, మాట్లాడకుండా ఆడింది. శ్రవణ్ మాత్రం తన పదిమందినీ చుట్టూ నిలబెట్టి, ఒక్కొక్కరి నుదురు తన నుదుటికి ఆనించి అరిచాడు. పెనాల్టీ ఒకటి దొరికితే గోల్ చేసి మూలకు పరుగెత్తుకొచ్చి, పొద్దున పూడ్చిన మట్టిని మళ్ళీ లేపాడు. మెట్ల మీద సగం మంది కేకలు, సగం మంది ఈలలు. తర్వాత గద్వాల రెండు కొట్టింది. ఆట ముగిసేసరికి శ్రవణ్ నడిమైదానంలో బోర్లా పడి భుజాలు ఎగరేస్తూ ఏడ్చాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, సాంసన్ మనుషులు గీతలు సరిగ్గా లేవని నేలను తిట్టారు. ఆ మాట సాయన్న చెవిన పడింది. ముప్పై ఒక్క ఏళ్ళలో అతని గీతను తప్పుపట్టింది అదే మొదటిసారి. ముక్కుతో నవ్వి, దూరంగా ఉన్న గోలు వైపు నడిచాడు.

వేదిక మీద మైకు గరగరలాడింది. ఆగి ఆగి మూడుసార్లు సాయన్నను పిలిచారు. అతను గోలు నెట్టు పైనున్న ముళ్ళు ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చాడు. నాలుగోసారి శ్రవణే మైకు తీసుకుని, బొంగురు గొంతుతో, తన తండ్రి లాంటి కాకా వచ్చేదాకా రెండో బహుమతి ముట్టనన్నాడు. నాటకం అని మెట్ల మీద నుంచి ఒకడు అరిచాడు. కుర్చీ ఒకటి గాలిలోకి లేచింది, దాని వెనక ఇంకొకటి. సాయన్న కుడివైపు కింది ముడి దగ్గర కూర్చున్నాడు. రెండు వేళ్ళతో ముడి వదులు చేశాడు. పోస్టుకు వీపు ఆనించి, గేటు వైపు ఒకసారి చూశాడు. నీలం చీర కనబడుతోంది. మళ్ళీ లేవలేదు.

ఎంతసేపటికీ రాకపోతే పుష్పమ్మే వచ్చింది. ఆమె పెట్టిన కేకకు అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చింది శ్రవణ్. సాయన్నను పడుకోబెట్టి, దవాఖాన బండి వచ్చేదాకా ఛాతీ మీద రెండు చేతులతో ఒత్తుతూనే ఉన్నాడు. ఆ కాసేపూ అతని కళ్ళు పొడిగా ఉన్నాయి.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మర్నాటికి సాయన్నంత మనిషి జిల్లాలో లేడు. శ్రవణ్ చూపిన ప్రేమ తట్టుకోలేక గుండె ఆగిందని సాంసన్ వాళ్ళు, పిలిచినా పోకుండా ఆ నాటకాలవాణ్ణి చెప్పుతో కొట్టినట్టు చేసి పోయాడని జితేందర్ వాళ్ళు. శ్రవణ్ ఏడవాల్సిన రోజు ఏడవలేదేమని ఒకరు, అసలు దుఃఖం అలాగే ఉంటుందని ఇంకొకరు. అందరూ వచ్చి పుష్పమ్మను అడిగారు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆమెకు అంతా తెలుసు, ఒక్కటి తప్ప. శ్రవణ్ ఆ రోజు ఎందుకు ఏడవలేదో ఆమెకూ తెలియదు, దాని గురించి ఆలోచించడానికి ఓపిక లేదు.

పదకొండో రోజుకు దండ వేయడానికి ఫోటో కావాలి. ఇంట్లో సాయన్న ఫోటో ఒక్కటి కూడా దొరకలేదు. ఆధార్ కార్డు మీది బొమ్మ నల్లగా మరకలా ఉంది. ఊరందరి ఫోన్లలో ఉన్నది ఆ వీడియో ఒక్కటే. స్టూడియో అబ్బాయి దాన్ని ఆపి చూపించాడు.

"కాళ్ళకాడ ఉన్నోన్ని తీసెయ్యి," అంది పుష్పమ్మ.

అతను కింద నుంచి కత్తిరించుకుంటూ వచ్చి ఆగాడు. "అమ్మా, ఇంకా కోస్తే పెద్దాయన చెయ్యి పోతది."

పుష్పమ్మ తెరకు ముఖం దగ్గరగా పెట్టి ఆ వేళ్ళ వైపు చాలాసేపు చూసింది.

"ఉండనీ," అంది.

గోడకు తగిలించిన పటంలో సాయన్న తడి కళ్ళతో ఎటో చూస్తుంటాడు. కింది అంచున, గోళ్ళలో సున్నం ఇరుక్కున్న అతని చెయ్యి రాగిరంగు వేసిన పిడికెడు జుట్టు మీద ఆనుకుని ఉంటుంది.